గడువు పెట్టుకుని మొక్కుకోండి

టీచరు ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు అవనిగడ్డ పేరు చెబితే డీఎస్సీ కోచింగే గుర్తొస్తుంది. ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో ఈ దివిసీమ ఊరికొచ్చి, గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటారు. నేను ఇక్కడే తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా మేడ మీది గదుల్లో ఆడపిల్లలుంటారు. 2018 తరువాత డీఎస్సీ పరీక్షలు మళ్లీ 2025లోనే జరిగాయి, 16,347 పోస్టులకు. ఆ మధ్య ఏళ్లంతా వాళ్లను తొలిచింది ఒకటే ప్రశ్న: ఇంకా ఆగాలా, ఇంటికెళ్లి ప్రైవేటు బడిలో చేరాలా, వచ్చిన సంబంధం చేసుకోవాలా?

ఆ ప్రశ్న మోసుకుని పక్కనే ఉన్న మోపిదేవి వెళ్తారు. అక్కడ సుబ్రహ్మణ్యేశ్వరుడు పాము చుట్టల మీద లింగరూపంలో ఉంటాడు. పెళ్లి కోసం, సంతానం కోసం మొక్కుకుని పుట్టలో పాలు పోసే గుడి అది. మా పిల్లలు ఉద్యోగానికీ మొక్కుతారు. గుడివాడ వైపు వాళ్లయితే వేమవరం కొండాలమ్మను తలుచుకుంటారు. కొందరు దేవుడి పటం ముందు రెండు చీట్లు వేసి పక్కింటి పసిదానిచేత ఒకటి తీయిస్తారు. చర్చికెళ్లే పిల్లలు ఉపవాస ప్రార్థన పెట్టుకుంటారు, కొత్త సంవత్సరం ఆరాధనలో అందిన వాగ్దానం కార్డును పుస్తకంలో దాచుకుంటారు. బందరు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇస్తిఖారా నమాజు చేసేది. రెండు రకాతులు చదివి, ఈ పనిలో నాకు మేలుంటే దక్కించు, కీడుంటే తప్పించు అని అల్లాను వేడుకోవడమే ఇస్తిఖారా.

వీళ్లందరినీ చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇదీ: ప్రార్థన చేసినంతమాత్రాన నిర్ణయం దేవుడి నెత్తిన పడదు. నిర్ణయించుకునే ధైర్యం ఆయన ఇస్తాడు, బదులుగా మన దగ్గర ఒక మాట తీసుకుంటాడు.

మా సీమ కథలే ఇందుకు సాక్ష్యం. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆగి, ఏకాదశి ఉపవాసం ఉన్నానని ఆముక్తమాల్యదలో తనే చెప్పుకున్నాడు. ఆ తెల్లవారుజామున ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, గోదాదేవి కథను తెలుగులో రాయమన్నాడట. అంతటి చక్రవర్తీ మేలుకున్నాక ఆ కలను పండితులకు చెప్పి, వాళ్లతో సంప్రదించాకే పనిలో దిగాడు. కావ్యం మాత్రం ఆయనే కూర్చుని రాయాల్సి వచ్చింది.

కూచిపూడి సిద్ధేంద్రయోగి కథ ఇంకా గట్టిది. అత్తవారింటికి బయలుదేరి కృష్ణ దాటుతుంటే వరద ముంచుకొచ్చింది. బతికి బయటపడితే సన్యాసినై నీ సేవే చేస్తానని దేవుడికి మొక్కి నది నడుమ ఆపత్సన్యాసం తీసుకున్నాడు. ఒడ్డెక్కాక ఆ మాట మరిచిపోలేదు. భామాకలాపం ఆయన చేతి నుంచే వచ్చిందంటారు. భగవద్గీతలోనూ అంతా బోధించాక కృష్ణుడు చివరికి అర్జునుడితో అన్నది బాగా ఆలోచించుకో, తరువాత నీ ఇష్టమనే.

మా ఇంట్లో ఈ సంగతి నాకు చూపించింది మా అమ్మ. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మా పొలం మీద ఉప్పు పేరుకుంది. గుడివాడ వచ్చేయండి, ఏదో ఒక పని చూస్తానని మేనమామ కబురు పెట్టాడు. నాన్నకు ఏమీ పాలుపోలేదు. అమ్మ దీపం పెట్టి, హంసలదీవి వేణుగోపాలస్వామికి మొక్కుకుంది: “ఒక్క పంట చూస్తాం స్వామీ. ఆ పంట దాకా మా కాయకష్టం మేం చేస్తాం. అప్పటికీ నేల కుదుటపడకపోతే మూట కట్టుకుని వెళ్లిపోతాం. అప్పుడు నిన్ను ఒక్క మాట అనను.” కాలవ నీళ్లు పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి ఉప్పు కడిగారు. పండింది అంతంతమాత్రమే. అయినా ఇక్కడ బతకగలమన్న ధైర్యం వచ్చింది, ఉండిపోయాం.

అమ్మ మొక్కులో ఒక గడువుంది, ఆ లోపు చేయాల్సిన పని ఉంది, ఫలితం ఎలా ఉన్నా నిష్ఠూరమాడనన్న మాట ఉంది. మా గదుల్లో పిల్లలకు నేను చెప్పేదీ అదే. మొక్కుకోండి, ఉపవాసం ఉండండి, నమాజు చేయండి. ఎప్పటిదాకా ఆగుతారో ఆ తేదీ రాసుకోండి. మీ మేలు కోరే పెద్దవాళ్లలో ఒకరికి ఆ తేదీ చెప్పండి. అప్పటిదాకా రోజూ ఏం చదువుతారో దేవుడికి మాటివ్వండి. మనసు వికలమై నిద్ర పట్టకపోతే డాక్టరుకూ చూపించుకోండి, దేవుడేమీ అడ్డుచెప్పడు.

ఒకమ్మాయి అలాగే గడువు పెట్టుకుంది. ఉద్యోగం రాలేదు. ఊళ్లో ప్రైవేటు బడిలో చేరింది. అయినా మొక్కు చెల్లించడానికి మోపిదేవి వచ్చింది. “రాని ఉద్యోగానికి మొక్కేమిటే?” అన్నాను. “గడువు దాకా నన్ను నిలబెట్టాడుగా టీచర్ గారూ” అంది. కోరింది దక్కినవాళ్లు మొక్కు తీర్చుకోవడం అందరికీ తెలిసిందే. దక్కకపోయినా రాగలిగిన ఆ పిల్ల భక్తే నాకు గొప్పదిగా కనిపిస్తుంది, రేపటి సంగతి తెలియని ప్రతివాళ్లకూ కావలసింది అదే.