కాడికి రెండో ఎద్దు

పిల్లలూ, ఈ పూట ఎద్దుల కాడి గురించీ, ఇనుము కోసే రంపం గురించీ చెబుతాను. ఈ రెంటికీ చుట్టరికం ఏమిటో మీకే తెలుస్తుంది.

మా ట్రాలీ పిన్ను అరిగిపోతే కొత్తది చేయించుకుందామని మనవణ్ణి వెంటబెట్టుకుని నంద్యాలలో ఒక లేతు షాపుకి వెళ్లాను. అక్కడ బ్యాండ్ సా ఉంది. రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే ఉక్కు రంపం అది. వడ్రంగి రంపంలా ముందుకూ వెనక్కూ ఆడదు, ఒకే దిక్కున ఆగకుండా పరుగెడుతుంది. ఇలాంటి రంపం ఊహ పాతదే గాని, రెండు కొసల్నీ కలిపిన అతుకు దగ్గర ఊరికే తెగిపోయేదట. తెగకుండా అతికే పద్ధతిని 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపిన్ అనే ఆమె కనిపెట్టింది. ఆ తల్లి పుణ్యమే ఈనాటి రంపం.

కోయాల్సింది ఇనుప రౌండులో, అంటే గుండ్రటి కడ్డీలో, మూడంగుళాల ముక్క. దాన్ని రెండు దవడల మధ్య బిగించి పట్టేది వైసు. రంపం వైసు నడిమి నుంచి దిగదు, పక్క నుంచి దిగుతుంది. అందుకని పొట్టి ముక్కను దవడల అంచునే పెట్టాలి, లేకపోతే రంపానికి అందదు. అక్కడి కుర్రాడు అలాగే పెట్టి, బలంకొద్దీ బిగించి స్విచ్చి వేశాడు. రంపం ఇలా తాకిందో లేదో ముక్క గిర్రున తిరిగి ఎగిరిపడింది. బ్లేడు పళ్లు నాలుగు రాలాయి. ఎవరికీ తగల్లేదు, అదే పదివేలు.

లోపలి నుంచి పెద్దమేస్త్రి వచ్చాడు. కుర్రాణ్ణి ఒక్క మాటా అనలేదు. తుక్కు డబ్బా వెతికి, అదే రౌండులోంచి ఎప్పుడో మిగిలిన ఇంకో ముక్క తీసి, దవడల రెండో కొసన పెట్టి బిగించాడు. ఈసారి రంపం వెన్నలో దిగినట్టు దిగింది.

“అదేంది తాతా, కొయ్యని ముక్కను ఎందుకు పెట్టినాడు?” అన్నాడు మావాడు.

“కాడికి ఒకే ఎద్దును కడితే ఏమవుతుంది అబ్బీ?”

“రెండో పక్క వాలిపోతుంది.”

అదీ సంగతి. వైసు దవడను నెట్టే స్క్రూ నడుమ ఉంటుంది. ముక్క ఒక కొసన ఉంటే, ఖాళీగా ఉన్న రెండో కొస లోపలికి వాలుతుంది. అప్పుడు దవడలు సమంగా ఉండవు, అడకత్తెరలా కోణంగా నిలుస్తాయి. తడి చింతగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి చూడండి, తుర్రుమని ఎగురుతుంది. నొక్కిన కొద్దీ బయటికే పోతుంది. వాలిన దవడల మధ్య ఇనుప ముక్కదీ అదే గతి. దాన్ని పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. కోణం పెరిగితే ఆ రాపిడి చాలదు, పైన నూనె తడి ఉంటే మరీ చాలదు.

ఇంకో ముచ్చట ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కావడి మోసేవాడు బరువు కుండను భుజానికి దగ్గరగా, తేలిక కుండను దూరంగా తగిలిస్తాడు కదా? వైసులోనూ అదే లెక్క. స్క్రూకి 5 సెంటీమీటర్ల దూరంలో మన ముక్క, అవతలివైపు 10 సెంటీమీటర్ల దూరంలో జోడు ముక్క ఉన్నాయనుకోండి. స్క్రూ 150 కిలోల బరువంత బలంతో నొక్కితే మన ముక్కకు 100, జోడు ముక్కకు 50 వస్తాయి. జోడు ముక్కను స్క్రూకి దగ్గరగా జరిపితే దాని వాటా పెరుగుతుంది, మన ముక్క మీది పట్టు తగ్గుతుంది. కాబట్టి దాన్ని చిట్టచివరికి జరపాలి. మేస్త్రి చేసింది సరిగ్గా అదే. మందం కూడా రెంటికీ ఒకటే ఉండాలి. అదే కడ్డీలో మిగిలిన ముక్కయితే కొలవాల్సిన పనే లేదు. అది దొరక్కపోతే బోల్టుకి నట్టు ఎక్కించి, కావలసినంత పొడవుకి తిప్పుకుని అడ్డం పెడతారు. పొట్టి ముక్కను పొడవాటి కడ్డీకి చిన్న వెల్డింగు చుక్కతో అతికి, కోశాక విడదీసే వాళ్లూ ఉన్నారు.

పట్టు ఒక్కటే చాలదు, పళ్ల లెక్క కూడా చూడాలి. ఇనుములో ఎప్పుడూ కనీసం మూడు పళ్లయినా దిగి ఉండాలి. 10 మిల్లీమీటర్ల పట్టీకి అంగుళానికి 8 పళ్ల బ్లేడు సరిపోతుంది. అంతకన్నా పలచని వాటికి ఇంకా సన్నని పళ్లు కావాలి.

ఈ పట్టు సంగతి ఇనుముకే కాదు, రాతికీ ఉంది. నంద్యాల నుంచి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. అక్కడ రాతి శిల్పాలు చెక్కుతారు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఉలి దెబ్బకు రాయి కదిలిందా, ఆ దెబ్బ బలంలో కొంత రాయిని కదపడానికే పోతుంది, చెక్కడానికి మిగలదు. పెద్ద రాతిని దాని బరువే నిలబెడుతుంది. చిన్న బొమ్మకు ఆ బరువు లేదు గనుక కుదురుగా ఆనించి చెక్కాలి. ఇనుమైనా రాయైనా, చిన్నదానికే ఆసరా ఎక్కువ కావాలి.

మీ ఇళ్లల్లో ఎవరైనా వర్క్‌షాపుల్లో పనిచేస్తుంటే తాత చెప్పాడని ఈ రెండు మాటలూ చెప్పండి. తుక్కులో వేసే ముందు ప్రతి సైజులో ఒక ముక్క దాచుకోమనండి. స్విచ్చి వెయ్యక ముందే, బిగించిన ముక్కను చేత్తో గట్టిగా కదిపి చూడమనండి.