రెండోసారి మజ్జ మార్పిడి – ఇంటివారు తెలుసుకోవలసినవి

ఒకసారి ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న మనిషికి మళ్లీ అదే చికిత్స కావాలని డాక్టరు చెప్పినప్పుడు ఇంట్లో అందరికీ కాళ్లలో సత్తువ పోయినట్లవుతుంది. మొదటిసారి ఏమి జరుగుతుందో తెలియక ధైర్యంగా వెళ్లారు. ఈసారి అన్నీ తెలుసు. నోటిపూత తెలుసు, వాంతులు తెలుసు, ఒంటరి గదిలో గడిపిన రోజులు తెలుసు. చేతిలో డబ్బు తగ్గింది, సెలవులు అయిపోయాయి, పలకరించేవారు కూడా పలచబడ్డారు. అందుకే ఈసారి రోగితోపాటు రోగిని చూసుకునేవారికి కూడా ఒక ఏర్పాటు కావాలి. దానిని చికిత్స మొదలు కాకముందే చేసుకోవాలి.

మళ్లీ ఎందుకు చేస్తారు?

మజ్జనే మనం మూలుగ అంటాము. రక్తకణాలు తయారయ్యేది అక్కడే. ఎక్కువ మోతాదులో కీమోథెరపీ ఇచ్చి, ఆ తరువాత మంచి మూలకణాలను రక్తం ఎక్కించినట్లే నరం ద్వారా ఎక్కిస్తారు. ఇది కోత పెట్టే ఆపరేషను కాదు. ఆ కణాలు రోగి నుంచి ముందుగా తీసి దాచినవి కావచ్చు, వేరొక దాతవి కావచ్చు. మన దేశంలో ఈ చికిత్స 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో, 1986లో వేలూరు సి.ఎం.సి.లో మొదలైంది.

తగ్గిన జబ్బు తిరగబెట్టినా, ఎక్కించిన కణాలు సరిగా పట్టకపోయినా రెండోసారి అవసరం రావచ్చు. మైలోమా వంటి జబ్బుల్లో కొందరికి మొదటి నుంచే రెండుసార్లు చేయాలని నిర్ణయిస్తారు. ఇది రోగి పథ్యం తప్పడం వల్లనో, విశ్వాసం తక్కువై పోవడం వల్లనో వచ్చింది కాదు. అలాంటి మాటలు ఇంట్లో ఎవరూ అనకుండా పెద్దవారు చూడాలి.

డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి: ఈసారి ఉద్దేశం జబ్బు పూర్తిగా నయం చేయడమా, కొంతకాలం అదుపులో ఉంచడమా? గుండె, కాలేయం, మూత్రపిండాలు తట్టుకోగలవా? ఇతర మార్గాలు ఏమున్నాయి? మొదటి మార్పిడి తరువాత ఎక్కువకాలం బాగున్నవారికి సాధారణంగా రెండోదాని వల్ల మేలు జరిగే అవకాశం ఎక్కువ. ఈ సంభాషణలో రోగి కూడా ఉండాలి. జబ్బు సంగతి దాచిపెట్టి చికిత్సకు తీసుకువెళ్లవద్దు.

దాత విషయం

ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒకరి మజ్జ మరొకరికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. సరిపోకపోతే సగం సరిపోయే తల్లి, తండ్రి, కొడుకు, కూతురు నుంచి తీసుకునే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. రెండోసారి అదే దాతను పిలవాలా, వేరొకరిని చూడాలా అన్నది డాక్టర్లు నిర్ణయిస్తారు.

మూలుగ ఇస్తే మనిషి పనికిరాకుండా పోతాడన్న భయం అవసరం లేదు. ఇప్పుడు ఎక్కువగా కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, చేతి నరం నుంచి యంత్రం ద్వారా కణాలు తీస్తారు. ఆ రోజుల్లో ఒళ్లునొప్పులు ఉంటాయి, తరువాత తగ్గుతాయి. ఇచ్చిన కణాలు శరీరంలో మళ్లీ తయారవుతాయి. అయినా దాతను బలవంతపెట్టవద్దు.

ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిలువ ఉండవు. కాబట్టి రక్తదాతలు ఒకేరోజు గుంపుగా రాకుండా వంతులవారీగా రావాలి. దాత నుంచి కణాలు తీసుకోబోయే రోగికి దగ్గరి రక్తసంబంధీకులు డాక్టరును అడగకుండా రక్తం ఇవ్వకూడదు. ఇక్కడ సంఘంలోని యువకులు ఎంతో సహాయం చేయగలరు.

జ్వరం వస్తే ఆగవద్దు

కీమోథెరపీ తరువాత తెల్లకణాలు బాగా పడిపోతాయి. కొత్త కణాలు పట్టడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఆ సమయంలో చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తేవచ్చు. ఇంటికి వచ్చిన తరువాత కూడా ప్రమాదం పూర్తిగా పోదు. ఇంట్లో థర్మామీటరు ఉంచండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరండి. పారాసిటమాల్ వేసి ఉదయం దాకా చూద్దామనుకోవద్దు. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర ఇంజెక్షను చేయించవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే సూది గుచ్చినచోట కండరంలో రక్తం గడ్డకడుతుంది. నాటుమందులు, ఒళ్లునొప్పుల బిళ్లలు సొంతంగా ఇవ్వవద్దు.

ఇల్లు, వంట

సున్నాలు, మరమ్మతులు రోగి రాకముందే ముగించండి. పాత గోడలు కొట్టినప్పుడు లేచే దుమ్ములోని బూజు ఊపిరితిత్తులకు ప్రమాదం. మంచం దగ్గర పూలకుండీలు వద్దు. నీళ్లు కాచి చల్లార్చి ఇవ్వండి. అన్నం, పప్పు, ఇడ్లీ, జావ ఏదైనా అప్పుడే వండి వేడిగా పెట్టండి. బయటి చట్నీలు, చెరుకురసం, కోసి అమ్మే పండ్లు మానాలి. పెరుగు, పచ్చళ్ల విషయం ఆసుపత్రి డైటీషియన్‌ను అడిగి చేయండి. నోరు పూసినప్పుడు తినలేదని కోప్పడవద్దు. రెండు చెంచాలైనా చాలాసార్లు పట్టండి.

చూడడానికి వచ్చేవారికి

రోగి మంచం చుట్టూ చేరి ప్రార్థన చేయాలని సంఘంవారికి ఉంటుంది. ఈ రోజుల్లో ఫోనులో చేసే ప్రార్థనే క్షేమం. జలుబు, దగ్గు, అమ్మవారు పోసిన పిల్లలు ఉన్న ఇంటివారు అసలు రావద్దు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ నోరు తెరిచి అడగరు. "మంగళవారం భోజనం మేము పంపుతాము", "ఈ వారం పిల్లలను బడికి మేము దింపుతాము" అని చెప్పండి. రెండో నెలలో కూడా చెప్పండి. మొదటి వారంలో అందరూ ఉంటారు.

చూసుకునేవారిని ఎవరు చూస్తారు?

సాధారణంగా భార్యో, తల్లో, కోడలో ఒక్కరే రాత్రింబవళ్లు ఉంటారు. మార్పిడి తరువాత మొదటి 100 రోజులు ఎంతో జాగ్రత్త అవసరం. ఒక్కరు మోయలేరు. కనీసం ఇద్దరు పని నేర్చుకోవాలి. మందుల వేళలు, జ్వరం, ఫోను నంబర్లు ఒకే నోటుపుస్తకంలో రాస్తే ఎవరు వచ్చినా పని ఆగదు. తన బి.పి. మాత్రలు మానేసి, నిద్ర లేకుండా, చాటుగా ఏడ్చే మనిషిని ఇంటివారు గమనించాలి. ఆమెను ఒక పూట ఇంటికి పంపి పడుకోనివ్వాలి. ఖర్చుల సంగతి ఆసుపత్రి సోషల్ వర్కరును, ఆరోగ్యమిత్రను ముందే అడగండి. పొలం అమ్మేముందు అడగండి.

మార్పిడి తరువాత చిన్నప్పటి టీకాల రక్షణ తగ్గిపోతుంది. డాక్టరు చెప్పిన సమయానికి మళ్లీ వేయించాలి.

కొందరు రోగులు "ఇక చాలు, రెండోసారి వద్దు" అంటారు. వెంటనే వాదించవద్దు. భయమా, నొప్పా, ఖర్చు గురించిన దిగులా అని నెమ్మదిగా అడగండి. నొప్పికి మందు ఉంది, దిగులుకు మాట సాయం ఉంది. అన్నీ విన్న తరువాత కూడా వద్దంటే ఆ మాటను గౌరవించాలి. అప్పుడు కూడా బాధ లేకుండా చూసే పాలియేటివ్ కేర్ వైద్యం ఉంది. చికిత్స తీసుకున్నా, మానుకున్నా పక్కన మనిషి ఉన్నాడన్న నమ్మకం రోగికి కలగాలి. దానిని ఇవ్వగలిగింది ఇంటివారే.