చిన్న గదిలో నాత్ మిక్సింగ్: స్పీకర్లు కొనేముందు గది సంగతి చూడండి

హిందూపురం: మా చిన్న మామూ కొడుకు నాత్‌లు రికార్డు చేసి మిక్స్ చేస్తాడు. పోయిన రబీ ఉల్ అవ్వల్‌కు ముందు పెనుకొండ వైపు నుంచి వచ్చిన ఒకాయన దగ్గర అడ్వాన్సు తీసుకుని పనిచేశాడు. వాడి గదిలో వింటే గొంతు గంభీరంగా, నిండుగా ఉంది. ఆయన ఇంటికెళ్ళి ఫోన్‌లో పెట్టుకుంటే రేకు డబ్బాలోంచి పాడినట్టు వచ్చింది. డబ్బులు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. "స్పీకర్లు చిన్నవి భాయ్, అందుకే ఇట్లయింది" అన్నాడు వాడు. దాచుకున్న నలభై వేలకు ఇంకొంత ఈఎంఐ కలిపి పెద్ద స్పీకర్లు కొందామని కొటేషన్ కూడా తెచ్చుకున్నాడు. నేను కామర్స్ చదివినవాణ్ణి. సౌండు నాకు తెలియదు గానీ, ఈఎంఐ అనగానే లెక్క అడగడం అలవాటు. ఆ లెక్క కోసం చదివి, కొలిచి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

వాడి గది పొడవు 11 అడుగులు, వెడల్పు 8, ఎత్తు 10. వెనక వైపు మిద్దె మెట్లు పోతాయి కాబట్టి అక్కడ కప్పు ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క తలుపు, తలుపు పక్కనే స్టీలు బీరువా. కింద బండలు, చుట్టూ సిమెంటు గోడలు. ఉన్నంతలో చోటు కలిసి రావాలని వాడు మెట్ల కింద గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. తప్పంతా అక్కడే ఉంది.

శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటూ కొన్ని స్వరాలను మాత్రం ఉబ్బిస్తుంది. ఏ స్వరాలో తెలుసుకోవడానికి సులువైన లెక్క ఉంది: 565ని గది కొలత అడుగులతో భాగించండి. 11 అడుగులకు 51 హెర్ట్జ్, 10కి 56, 8కి 70. వీటికి రెట్టింపులు కూడా ఉబ్బుతాయి: 102, 113, 141. మగవాళ్ళ మామూలు గొంతు అడుగుభాగం ఉండేది సరిగ్గా ఈ 100, 150 మధ్యనే. పైగా ఉబ్బు ఎక్కువగా చేరేది గోడల దగ్గర, మూలల్లో. గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి గొంతు అవసరానికి మించి బరువుగా వినిపిస్తుంది. వాడేమో ఈక్వలైజర్‌లో ఆ భాగం కోసేశాడు. కోసింది గొంతును, అసలు ఎక్కువైంది గది. ఫోన్‌లో గది ఉండదు కదా, మిగిలింది పలచటి గొంతే. పెద్ద స్పీకర్లు తెచ్చి ఉంటే ఆ ఉబ్బు ఇంకా పెరిగేది.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదేసి అడుగులున్న గది ఇంకా కష్టం. మూడు ఉబ్బులూ 56 దగ్గరే ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇంట్లో రెండు గదులుంటే చదరంగా ఉన్నదాన్ని వదిలేయండి.

గట్టి గోడలు శబ్దాన్ని ఎట్లా తిప్పికొడతాయో బీజాపూర్ గోల్ గుంబజ్ చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1656లో పూర్తయిన ఆ గుంబజ్ కింద ఒక్క చప్పట్టు ఎన్నోసార్లు తిరిగొస్తుంది. చిన్న గదిలో అదే పని కంటికి కనపడనంత వేగంగా జరుగుతుంది. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్టు కొట్టండి. వెంటనే 'టింగ్' మని సన్నటి మోత వస్తే మీ మైకు కూడా దాన్నే పట్టుకుంటుంది. ఉర్దూలో ఖాఫ్ కూ కాఫ్ కూ, హే కూ ఖే కూ తేడా వినిపించాలంటే ఆ మోత తగ్గాల్సిందే. ఆ తర్వాత ఎకో ఎంత కలుపుకుంటారో మీ ఇష్టం. నన్నడిగితే ఈ మధ్య వచ్చే నాత్‌లలో ఎకో మరీ ఎక్కువైంది, మాట అర్థం కావడం లేదు.

తగ్గించేది ఎట్లా? దీనికి మొదటి లెక్క కట్టింది వాలెస్ సాబిన్ అనే అమెరికా ప్రొఫెసర్. 1895లో హార్వర్డ్‌లో ఒక కొత్త లెక్చర్ హాల్లో మాట ఐదు సెకన్లకు పైగా మోగుతుంటే పాఠాలు వినపడలేదు. ఆయన పక్కనున్న థియేటర్ నుంచి రాత్రిపూట సీటు మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కో వరసా పెంచుకుంటూ మోత ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. మెత్తగా, మందంగా ఉన్నది శబ్దాన్ని మింగుతుందని, ఎంత మింగుతుందో ముందే లెక్కగట్టవచ్చని తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్ ఆ లెక్కతోనే కట్టారు.

ఇక్కడ మందం అన్న మాట గట్టిగా పట్టుకోండి. అంగుళం ఫోమ్ పైస్వరాలను మాత్రమే మింగుతుంది. 100 హెర్ట్జ్ అల పొడవు 11 అడుగులు దాటుతుంది, అంగుళం ఫోమ్ దాన్ని ఆపలేదు. గదంతా ఫోమ్ అతికిస్తే పైన మొద్దుబారి, కింద గుమ్మని మిగులుతుంది. గుడ్ల అట్టలైతే దానికీ పనికిరావు, నిప్పంటుకుంటే ప్రమాదం కూడా.

మేం మొదట బల్లను తిప్పాం. మెట్ల ఏటవాలు వీపు వెనక్కి వెళ్ళింది, ఎదురుగా 8 అడుగుల గోడ. తల ఆ గోడకు నాలుగుంపావు అడుగుల దూరంలో, అంటే పొడవులో 38 శాతం దగ్గర. సరిగ్గా మధ్యన కూర్చుంటే 51 హెర్ట్జ్ దాదాపు వినపడకుండా పోతుంది, అదీ మోసమే. రెండు స్పీకర్లూ, తలా ఒక సమ త్రిభుజం. స్పీకర్‌లోని చిన్న కోన్ చెవి ఎత్తుకు రావాలి. తలుపు పక్కనున్న బీరువా అద్దంలా శబ్దాన్ని తిప్పికొడుతోంది, పైగా రేకు గిలగిలమంటోంది. దాన్ని బయటి గదిలోకి మార్చాం. ముమానీ రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత మెట్ల కింద ఇంట్లోని పాత దూది పరుపులు రెండు నిలబెట్టి, ముందు బొంతల మూట పెట్టాం. ఎవరికీ పనికిరాని ఆ మూల గదిలో అన్నిటికంటే ఉపయోగపడింది. పక్క గోడలకు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఒకరు కూర్చుని, ఇంకొకరు గోడ వెంట అద్దం జరపాలి. అద్దంలో స్పీకర్ కనిపించిన చోటే ప్యానెల్. నాలుగంగుళాల లోతు చెక్క చట్రం, లోపల రెండంగుళాల రాక్‌వూల్ పలకలు రెండు, అన్ని వైపులా నూలు గుడ్డ. గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి పోవాలి. రెగ్జిన్ వద్దు. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. కిటికీ వైపు చట్రాన్ని గోడకు కొట్టకుండా స్టాండు మీద నిలబెట్టాం, గాలి కావాలంటే పక్కకు జరపొచ్చు. మన ఎండల్లో కిటికీ మూసి మూడు గంటలు కూర్చోవడం ఎవరివల్లా కాదు.

ధర్మవరంలో మా బంధువుల పిల్లవాడు ఇదే పని మొదలుపెట్టి, పక్కింటి మగ్గం చప్పుడు ఆగడానికి ఎన్ని ప్యానెళ్ళు కావాలని అడిగాడు. ఎన్ని పెట్టినా ఆగదు. ప్యానెల్ గది లోపలి మోతను తగ్గిస్తుంది. బయటి చప్పుడు ఆపాలంటే బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి, అది ఇల్లు కట్టేవాళ్ళ ఖర్చు. మగ్గం ఆగే వేళ చూసుకుని రికార్డు చేసుకోమన్నా. మిక్సింగ్ హెడ్‌ఫోన్‌లో చేసుకోవచ్చు, కాకపోతే సౌండు మితంగా ఉండాలి. వారానికి 40 గంటలు వినేవాళ్ళకు 80 డెసిబెల్స్ హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

ఇంట్లో స్టూడియో అంటే నవ్వేవాళ్ళుంటారు. ఎ.ఆర్. రెహమాన్ చెన్నై కోడంబాక్కంలో ఇంటి పెరట్లోనే స్టూడియో పెట్టుకున్నారు, 1992లో వచ్చిన 'రోజా' పాటలు అక్కడివే. అయితే అది పనికోసమే సిద్ధం చేసుకున్న గది, బీరువా పక్కన మిగిలిన చోటు కాదు.

మా వాడి గదిలో 70 దగ్గర ఉబ్బు ఇంకా ఉంది. ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్‌తో కొలిస్తే కనిపిస్తోంది. 8 అడుగుల వెడల్పున్నంత కాలం అది పూర్తిగా పోదు. అందుకే అడుగుస్వరాలు హెడ్‌ఫోన్‌లో సరిచూసి, ఆ తర్వాత మామూ ఫోన్‌లో ఒకసారి, పక్కింటి ఆటోలో ఒకసారి విని గానీ ఫైలు పంపడం లేదు. పాత స్పీకర్లే వాడుతున్నాడు. చెక్క, రాక్‌వూల్, గుడ్డ, కార్పెంటర్ కూలీ అన్నీ కలిపినా నలభై వేలలో పావు వంతు కాలేదు. పెనుకొండాయన నాత్‌ను డబ్బులడక్కుండా మళ్ళీ మిక్స్ చేసి పంపాడు. ఈసారి వాపసు రాలేదు.