వద్దన్న చట్రమే ప్రాణాలు నిలిపింది

పందెపు కారు డ్రైవరుకు కవచమైన 'హాలో'

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. వెళ్లి చూసినవారు, టీవీలో చూసినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. ఆ కార్లకు పైకప్పు లేదు. డ్రైవరు తల బయటికి కనిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ తల చుట్టూ లోహపు కమాను ఒకటి మూడు కాళ్లపై నిలిచి ఉన్నది.

దాని పేరు హాలో. పటాలలో దేవతల తల వెనుక గీసే కాంతి వలయాన్ని ఇంగ్లీషులో అలా పిలుస్తారు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఫార్ములా-1 పందేలలో 2018 నుంచి ఇది తప్పనిసరి అయింది. నేడు దీనిని ప్రాణదాత అంటున్న డ్రైవర్లలో కొందరు మొదట వద్దే వద్దన్నవారు కావడం విశేషం.

ఆరు రోజుల్లో రెండు దెబ్బలు

ఈ కార్లలో డ్రైవరు కాళ్లు ముందుకు చాపి, దాదాపు వెల్లకిలా పడుకున్నట్టు కూర్చుంటాడు. ఒళ్లంతా కారు లోపలే దాగి ఉంటుంది. బయట ఉండేది తల ఒక్కటే. 2009 జూలై 19న ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్‌లో జరిగిన ఫార్ములా-2 పందెంలో ఒక కారు ప్రమాదానికి గురై, దాని చక్రం ఊడి ఎగిరింది. అది వచ్చి హెన్రీ సర్టీస్ అనే యువకుని తలకు తగిలింది. అతని వయసు 18 ఏళ్లు. తండ్రి జాన్ సర్టీస్ 1964లో ఫార్ములా-1 ప్రపంచ విజేత. కుర్రవాడు మాత్రం దక్కలేదు.

సరిగ్గా ఆరు రోజులకు హంగరీలో, మరొక కారు నుంచి ఊడిపడిన స్ప్రింగు ఫెలిపె మాసా హెల్మెట్టుకు, ఎడమ కంటికి పైగా తగిలింది. ఆయన బతికి బయటపడి, 2010లో తిరిగి పందేలకు వచ్చాడు.

తలకు రక్షణ ఎలా అన్న ప్రశ్న అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ముందు నిలిచింది. మూడు కాళ్ల చట్రం ఆలోచనను ముందుకు తెచ్చింది మెర్సిడెస్ జట్టు ఇంజనీర్లు. 2016 మార్చిలో బార్సిలోనాలో ఫెరారీ కారుకు దాన్ని బిగించి నడిపి చూశారు. 2017లో పారదర్శకమైన అద్దపు కవచాన్ని కూడా ప్రయత్నించారు. కాని దానిలోంచి చూస్తే కళ్లు తిరిగినట్టున్నదని డ్రైవరు సెబాస్టియన్ వెట్టెల్ చెప్పాడు. చివరకు చట్రమే ఖాయమయింది.

బరువు 7 కిలోలు, బలం 12 టన్నులు

హాలోను టైటానియంతో చేస్తారు. విమానాలలోను, విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లలోను వాడే లోహమిది. ఉక్కు కన్నా తేలిక, బలంలో తీసిపోదు. చట్రం బరువు సుమారు 7 కిలోలు. అది ఓర్చుకోగల ఒత్తిడి సుమారు 12 టన్నులు. అంటే 75 కిలోల వడ్ల బస్తాలు 160 తెచ్చి దానిపై వేసినంత భారమన్నమాట.

కళ్ల ఎదుటనే ఒక కాలు నిలిచి ఉంటే దారి కనిపిస్తుందా అన్న అనుమానం సహజమే. ముఖానికి ఎదురుగా ఒక వేలు నిలువుగా పెట్టి దూరాన ఉన్న చెట్టును చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక కంటికి వేలు అడ్డమైనచోట రెండో కన్ను చూస్తుంది. డ్రైవర్లు కూడా త్వరలోనే దీనికి అలవాటు పడ్డారు.

గాలితో మరో చిక్కు వచ్చింది. వంతెన స్తంభాన్ని దాటిన ఏటి నీరు వెనుక సుడులు తిరుగుతుంది. గుండ్రటి గొట్టాన్ని దాటిన గాలీ అంతే. డ్రైవరు తలకు పైన, వెనుకగా ఇంజనుకు గాలి అందించే నోరు ఉంటుంది. సుడులు తిరిగే గాలి అక్కడికి చేరితే ఇంజనుకు నష్టం. అందుకే చట్రం చుట్టూ 20 మిల్లీమీటర్ల మేర తొడుగు వేసుకోవడానికి నిబంధనలు అనుమతించాయి. ఆ కాస్త మేరలోనే జట్లు చిన్న చిన్న రెక్కలు, అంచులు మలచి గాలిని దారిలో పెట్టాయి.

చెప్పు పట్టీ అన్నారు

తొలినాళ్లలో చాలామంది దీన్ని హవాయి చెప్పు పట్టీతో పోల్చి నవ్వారు. కారు అందం చెడిందన్నారు. ప్రమాదం జరిగితే డ్రైవరు బయటికి దూకడానికి అడ్డమన్నారు. మెర్సిడెస్ జట్టు అధిపతి టోటో వోల్ఫ్ 2018లో, రంపం ఇస్తే దాన్ని కోసి పారేస్తానన్నాడు. ఆలోచన తన జట్టు నుంచే రావడం గమనార్హం.

ఆ ఏడాది ఆగస్టులో బెల్జియంలో అలోన్సో కారు గాలిలోకి లేచి షార్ల్ లెక్లెర్ కారు మీదుగా పోయింది. చట్రంపై గీతలు పడ్డాయి గాని లెక్లెర్ తలకు ఏమీ కాలేదు. 2021 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో మాక్స్ వెర్‌స్టాపెన్ కారు లూయిస్ హామిల్టన్ కారు మీదికి ఎక్కింది. బరువంతా చట్రమే మోసింది. హామిల్టన్ అప్పుడు మెర్సిడెస్ డ్రైవరు. అతని ప్రాణం హాలో వల్లనే నిలిచిందని వోల్ఫే చెప్పాడు.

మంటల్లో 28 సెకన్లు

అన్నిటికన్నా భయంకరమైన ప్రమాదం 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో జరిగింది. మొదటి చుట్టులోనే రోమ్యాన్ గ్రోజాన్ కారు అదుపు తప్పి ఇనుప రేకుల కంచెను చీల్చుకుపోయింది. కారు రెండు ముక్కలై భగ్గుమంది. రేకులు తలకు తగలకుండా ముందున్న హాలో వాటిని తోసివేసింది. సుమారు 28 సెకన్ల తర్వాత గ్రోజాన్ మంటల్లోంచి తానే బయటికి వచ్చాడు. చేతులు కాలాయి, ప్రాణం మిగిలింది. అంతకు ముందు హాలోను వ్యతిరేకించిన వారిలో ఆయన ఒకడు. ఆసుపత్రి మంచం మీది నుంచే తన మాట వెనక్కి తీసుకున్నాడు.

హాలో అన్నిటినీ ఆపలేదు. స్ప్రింగు వంటి చిన్న వస్తువు సందులోంచి దూరి రావచ్చు. అందుకే అమెరికాలోని ఇండీకార్ పందేలలో 2020 నుంచి చట్రానికి పారదర్శకమైన తెరను కూడా జోడించారు.

అందం చెడుతుంది, చూపుకు అడ్డం, అలవాటు లేదు అన్న మాటలు పందెపు బాటల్లోనే కాదు, మోటారు సైకిలుకు హెల్మెట్టు తగిలించి పోయేవారి నోటా వినిపిస్తాయి. గ్రోజాన్ తలపై ఆనాడు హాలో ఉన్నది అతని ఇష్టం మీద కాదు, నిబంధన మీద. ఉండబట్టే మాట మార్చుకోవడానికి మనిషి మిగిలాడు.