మేతలో పోపులపెట్టె!

రొయ్యల వేపుడంటే అల్లం వెల్లుల్లి దట్టంగా పడాల్సిందే. చిటికెడు పసుపు సరేసరి. అయితే నెల్లూరు తీరంలో ఈ దినుసులు కూరగిన్నె దాకా ఆగడంలేదు. రొయ్యలు గుంటలో ఉండగానే వాటి మేతలో కలిసిపోతున్నాయి! (అలాగని కూరలో వెల్లుల్లి తగ్గించేద్దామనుకోకండి, ఆ రుచి రాదు.)

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు... ఎటు వెళ్లినా రొయ్యల గుంటలే. వాటి వెనక అప్పులూ ఉంటాయి. 1994లో మొదలైన తెల్లమచ్చ వైరస్ దెబ్బకి టైగర్ రొయ్యని నమ్ముకున్నవాళ్లు చితికిపోయారు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక గుంటలకి మళ్లీ కళొచ్చింది. జబ్బుల భయం మాత్రం పోలేదు.

మందేస్తే పోతుందిగా అంటారా... అక్కడే చిక్కు. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషం పిసరంత కనబడినా విదేశాలు సరుకుని తిప్పి పంపేస్తాయి. 2016లో యూరోపియన్ యూనియన్ మన సరుకులో పరీక్షించే వాటాని 10 నుంచి ఏకంగా 50 శాతానికి పెంచింది. పోనీ టీకా వేద్దామా? చేపకైతే వెయ్యొచ్చు. రొయ్య ఒంట్లో యాంటీబాడీలే తయారుకావు. పుట్టుకతో వచ్చిన రక్షణతోనే అది నెట్టుకురావాలి. ఆ కాస్త రక్షణనీ మేతతో గట్టిపరచాలన్నదే ఈ పోపులపెట్టె వైద్యం.

వట్టి చిట్కా అని కొట్టిపారేయలేం. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు శీలావతి చేపపిల్లలకి వెల్లుల్లి కలిపిన మేత పెట్టారు. ఆనక ఏరోమోనాస్ బ్యాక్టీరియా ఎక్కించి చూస్తే మామూలు మేత తిన్నవాటికన్నా ఇవే ఎక్కువగా బతికాయి. పసుపుతోనూ అలాంటి ప్రయోగమే చేశారు. 2007, 2008 నాటి మాట ఇది. అప్పుడు వాడిన వెల్లుల్లి కిలో మేతకి 10 గ్రాములు దాటలేదు. మోతాదు మించితే ఎదుగుదల తగ్గిన ప్రయోగాలూ ఉన్నాయి.

కలపడంలోనే ఉంది కిటుకంతా. వెల్లుల్లి ఘాటు అల్లిసిన్‌ది. విడి రెబ్బలో అది ఉండదు, దంచితేనే పుడుతుంది. వేడి తగిలితే పోతుంది. అందుకే మిల్లులో ఆవిరి పట్టి చేసే గుళికల్లో వెయ్యడంకన్నా, గట్టుమీద అప్పటికప్పుడు కలుపుకోవడమే మేలు. రెబ్బలు ఒలిచి, మెత్తగా నూరి మేతకి పట్టిస్తారు. పైన బెల్లం పాకమో గుడ్డు సొనో పూసి, నీడన ఆరబెట్టి చల్లుతారు. ఆ పూత ఎందుకంటే- రొయ్య మేతని గుటుక్కున మింగదు. గుళికని కాళ్లతో పట్టుకుని తీరిగ్గా కొరుక్కుతింటుంది! ఈలోగా నూరిన ముద్దంతా నీళ్లపాలే. పసుపుది మరో పేచీ. అందులోని కుర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కలిపి పట్టించాలి.

ఇంతా చేస్తే ఇది జబ్బు రాకుండా కాచుకునే ప్రయత్నమే. తెల్లమచ్చ సోకాక ఎన్ని పాయలు నూరినా లాభంలేదు. పరీక్షించిన సీడు, పరిమితంగా వదలడం, నీటి శుభ్రత... వీటి తర్వాతే వెల్లుల్లి. సీసామీద 'హెర్బల్' అన్న ముక్క చూసి కొనేయడమూ ప్రమాదమే. లోపల ఏం కలిపారో పరీక్షిస్తే తప్ప తెలియదు, సరుకు తిరిగొస్తే నష్టం రైతుదే. ఒలిచి నూరుకున్న వెల్లుల్లితో ఆ బెంగలేదు.

మేత చల్లిన రెండు గంటలకి చెక్ ట్రే పైకి లాగి చూస్తారు. మేత మిగలకుండా, రొయ్య వీపులో పేగు ముదురుగీతలా నిండుగా కనిపించిందా... ఆ రాత్రికి నిద్రపట్టినట్లే.