రేడియేషన్ పనివారు ధరించు బ్యాడ్జి

ఎక్స్‌రే గదిలో పనిచేయువారి రొమ్మున చిన్న బ్యాడ్జి యొకటి తగిలించి యుండుట పలువురు చూచియే యుందురు. అది హోదాను తెలుపు గుర్తు కాదు. కిరణములను అడ్డుకొను కవచమును కాదు. ఆ మనిషికి ఎంత రేడియేషన్ సోకినదో లెక్క కట్టు సాధనము మాత్రమే.

ఈ కిరణములకు రంగు లేదు, వాసన లేదు. సోకునపుడు నొప్పియు తెలియదు. ఆ కారణముచేతనే తొలినాటి పనివారు పలువురు ఎక్స్‌రే గొట్టమునకు తమ చేతులనే అడ్డుపెట్టి పరీక్షించుకొని వ్రేళ్లను, కొందరు ప్రాణములను పోగొట్టుకొనిరి. ఎడిసన్ సహాయకుడైన క్లారెన్స్ డాలీ 1904లో అట్లే మరణించెను.

మన దేశమున మొదట ఫిల్ము బ్యాడ్జీలు వాడుకలో నుండెను. కిరణములు సోకిన ఫిల్ము నల్లబడును. కాని మన ఎండకును, తేమకును ఫిల్ము త్వరగా చెడును. పైగా ఒకసారి వాడినది మరల పనికిరాదు. 1975 నుండి వాని స్థానమున టి.ఎల్.డి. బ్యాడ్జీలు వచ్చినవి. వీనిలో డిస్ప్రోషియం కలిపిన కాల్షియం సల్ఫేటు బిళ్లలు మూడుండును. ఒకదానికి లోహపు రేకు, మరొకదానికి ప్లాస్టిక్కు అడ్డుగా నుండును; మూడవదానికి ఏ అడ్డును లేదు. లోహపు రేకు బీటా కిరణములను ఆపును, గామా కిరణములను దాటనిచ్చును. కనుక మూడింటిని పోల్చి, సోకినది ఏ జాతి కిరణమో కనుగొందురు. బిళ్లను వేడిచేసినపుడు అది దాచుకొనిన శక్తి వెలుగై బయటపడును. ఆ వెలుగును కొలిచి మోతాదును లెక్కింతురు.

ఆస్పత్రులలో బ్యాడ్జీలను సాధారణముగా మూడు నెలల కొకసారి కొలతకు పంపుదురు. అణుశక్తి నియంత్రణ మండలి నియమము ననుసరించి, వరుసగా ఐదేండ్లలో సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులును, ఏ ఒక్క ఏటనైనను 30 మిల్లీసీవర్టులును మించరాదు. గర్భవతి యని తెలిపిన ఉద్యోగిని విషయమున, గర్భస్థ శిశువునకు ఆపై 1 మిల్లీసీవర్టు మించకుండ చూడవలెను.

సీసపు ఏప్రాను వేసికొనువారు బ్యాడ్జిని దాని లోపల, రొమ్ముపై ధరింపవలెను. పని ముగిసిన పిమ్మట ఏప్రానుతో పాటు ఎక్స్‌రే గదిలోనే మేకుకు తగిలించి పోవుట తరచు జరుగు పొరపాటు. అట్లు వ్రేలాడిన బ్యాడ్జి ఎవరికిని సోకని మోతాదును చూపి, వృథా విచారణకు దారితీయును. తానే రోగియై ఎక్స్‌రే తీయించుకొనునపుడు దానిని తీసివేయవలెను. ఏలయన, ఆ మోతాదు పనివలన కలిగినది కాదు.

దీనికన్న చెడ్డది మరొకటి కలదు. లెక్క ఎక్కువ వచ్చినచో పని పోవునను భయముతో బ్యాడ్జిని సొరుగులో పెట్టి పనిచేయుట. అపుడు కొలతకు వచ్చునది సొరుగునకు సోకిన మోతాదే; మనిషికి సోకినది ఎవరికి తెలియును? యంత్రము నుండి కిరణములు వెలికి వచ్చుచున్నవేమో, గోడ చాలినంత మందము లేదేమో, పనిచేయు పద్ధతియే తప్పేమో వెదకుటకు ఆ అంకెయే ఆధారము. 2004 నాటి నియమముల ప్రకారము యజమాని ప్రతి ఉద్యోగికి అతని మోతాదు వివరములను ఏటేట ఇయ్యవలెను. అడిగినపుడును, ఉద్యోగము విడుచునపుడును ఇయ్యవలెను.