సలహా చెప్పినవాడు ఎవరి బంధువు? – జస్టిస్ పున్నయ్య విషయంలో మనం వేసుకోవాల్సిన లెక్క

ఫలానా ఆయన్ని ప్రభుత్వం సలహాదారుగా వేసిందని పేపర్లో వార్త వచ్చిందనుకోండి. ఎచ్చెర్ల యూనివర్సిటీ ఎదుట టీ కొట్టు దగ్గర పుట్టే మొదటి ప్రశ్న "ఎవరి మనిషి?" రెండోది "ఏ కులం?" ఈ రెండింటికీ జవాబు దొరికితే చర్చ అయిపోతుంది. "ఆయన చెప్పే సలహా ఏటి?" అన్న మూడో ప్రశ్న పుట్టనే పుట్టదు.

మొదటి రెండు ప్రశ్నలూ తప్పని మేము అనడం లేదు. పదవులు ఇంట్లో పంచుకునే దేశంలో జనం ముందు బంధుత్వమే అడుగుతారు. అది వాళ్ల అనుభవం నేర్పిన తెలివి. కానీ ఆ తెలివి అక్కడే ఆగిపోతే లాభం ఎవరికి? దళితులకు మాత్రం కాదు. ఎచ్చెర్లకే సంబంధించిన ఒక ఉదాహరణతో ఈ విషయం చెప్పాలని మా ప్రయత్నం.

సలహాదారు అంటే ఎవరు?

రాజ్యాంగంలో మంత్రి ఉన్నాడు, గవర్నరు ఉన్నాడు. ముఖ్యమంత్రి పెట్టుకునే సలహాదారు లేడు. ఒక జీవో ఇస్తే సలహాదారు పుడతాడు, ఇంకో జీవోతో పోతాడు. 2003లో 91వ సవరణ మంత్రుల సంఖ్యను శాసనసభ బలంలో 15 శాతానికి కట్టేసింది. మంత్రి పదవి ఇవ్వలేని వాళ్లకు క్యాబినెట్ హోదాతో సలహాదారు కుర్చీ వేయడం ప్రభుత్వాలకు సులువైన దారి అయింది. 2022 ఆగస్టులో దేవాదాయ శాఖకు వేసిన ఒక సలహాదారు నియామకాన్ని రాష్ట్ర హైకోర్టు నిలిపివేసింది కూడా.

అయితే సలహా చెప్పేవాళ్లందరూ ఒక రకం కాదు. ముఖ్యమంత్రి చెవిలో చెప్పేవాడు ఒక రకం. అతను ఏం చెప్పాడో మనకు తెలియదు, తెలియదు కాబట్టి నిలదీయలేం. విచారణ జరిపి, కాగితం మీద సిఫారసులు రాసి, సంతకం పెట్టి ఇచ్చే కమిషన్ ఇంకో రకం. ఆ కాగితం చేతిలో పట్టుకుని పదేళ్ల తర్వాత కూడా ప్రభుత్వాన్ని అడగవచ్చు. జనం దృష్టిలో ఇద్దరూ "సర్కారు మనుషులే". ఉద్యమం దృష్టిలో మాత్రం ఈ ఇద్దరికీ మధ్య చాలా దూరం ఉంది.

బంధుత్వం ఎవరి విషయంలో కనబడుతుంది?

1995 ఆగస్టు సంక్షోభం గుర్తు చేసుకుందాం. ఎన్.టి.రామారావు భార్య లక్ష్మీపార్వతికి ప్రభుత్వంలో ఏ పదవీ లేదు. అయినా ఆమెను "రాజ్యాంగేతర శక్తి" అన్నారు. ఆ మాటతో పార్టీని చీల్చిన వర్గానికి ముందు నిలిచినవాళ్లలో ఆయన అల్లుళ్లే ఉన్నారు. అల్లుడు మంత్రిగా ఉంటే అది రాజకీయం, భార్య సలహా చెబితే అది జోక్యం! ఆమె చేసినవన్నీ సరైనవని మా వాదన కాదు. బంధుత్వం అనే తప్పు అందరి మీదా ఒకేలా మోపరని మాత్రమే చెబుతున్నాం.

అమెరికాలో అధ్యక్షుడు కెనెడీ 1961లో సొంత తమ్ముణ్ణి అటార్నీ జనరల్‌గా వేసుకున్నాడు. ఆ తర్వాత, 1967లో, అధికారులు బంధువులను నియమించుకోకూడదని చట్టం వచ్చింది. అదే దేశంలో 2017లో ట్రంప్ తన అల్లుణ్ణి సలహాదారుగా పెట్టుకుంటే, వైట్‌హౌస్‌కు ఆ చట్టం వర్తించదని న్యాయశాఖ అభిప్రాయం రాసిచ్చింది. చట్టం ఉన్నచోట కూడా బలవంతుడికి సందు దొరుకుతుందన్నమాట.

ఎచ్చెర్ల కథ

ఎచ్చెర్ల 1978 నుంచి 2009 దాకా షెడ్యూల్డ్ కులాల రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి నుంచి కావలి ప్రతిభా భారతి 1983, 1985, 1989, 1994, 1999 ఎన్నికల్లో వరుసగా ఐదుసార్లు గెలిచారు. మంత్రిగా చేశారు. 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరు అయ్యారు. 2004లో ఓడిపోయారు. 2009 నుంచి ఎచ్చెర్ల జనరల్ సీటు, రాజాం రిజర్వుడు సీటు.

ఆమె తండ్రి జస్టిస్ కొత్తపల్లి పున్నయ్య. కూతురు స్పీకరుగా ఉన్న రోజుల్లోనే ఆయన రెండు బాధ్యతల్లో కనబడతారు. ఒకటి, 2000 ఫిబ్రవరిలో వాజపేయి ప్రభుత్వం వేసిన రాజ్యాంగ పనితీరు సమీక్షా కమిషన్‌లో సభ్యత్వం. రెండోది, అంటరానితనం, దళితుల మీద అత్యాచారాలపై రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఏకసభ్య కమిషన్. ఊళ్లలో దాన్నే "పున్నయ్య కమిషన్" అంటారు.

అనుమానానికి చోటుందా? ఉంది. కూతురి పార్టీ రాష్ట్రంలో అధికారంలో ఉంది, కేంద్రంలో వాజపేయి ప్రభుత్వానికి మద్దతిస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ వరస తిప్పి చూడండి. కూతురి వల్ల తండ్రి పైకి వచ్చాడా? ఆమె 1983లో మొదటిసారి గెలవడానికి ఎంతో ముందే ఆయన శాసనసభలో కూర్చున్నారు. 1970ల్లోనే హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. శ్రీకాకుళం జిల్లా మాలపల్లెల నుంచి ఆ తరంలో హైకోర్టు దాకా వెళ్లడం అంటే ఏటో, మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటి తరం వాళ్లం కాబట్టి మాకు కొంచెం తెలుసు. "స్పీకరు గారి తండ్రి" అన్న ఒక్క మాటలో ఆ ప్రయాణమంతా చెరిగిపోతుంది. ఆ సమీక్షా కమిషన్‌లోనే గాంధీ మనవరాలు సుమిత్రా కులకర్ణి కూడా సభ్యురాలు. పెద్ద ఇంటి బంధుత్వం వారసత్వంగా గౌరవం పొందుతుంది. మన ఇంటి బంధుత్వం మాత్రం సిఫారసుగా లెక్కకొస్తుంది.

అయినా ఆయన్ని విమర్శించడానికి వీల్లేదా? తప్పకుండా ఉంది. రాజ్యాంగ సమీక్ష అన్నప్పుడే అంబేడ్కర్‌వాదులు ఉలిక్కిపడ్డారు. మనం రాజ్యాంగం వల్ల విఫలమయ్యామా, లేక రాజ్యాంగాన్ని మనమే విఫలం చేశామా అని రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ 2000 జనవరిలో పార్లమెంటు సెంట్రల్ హాల్లోనే అడిగారు. అలాంటి కమిషన్‌లో ఒక దళిత న్యాయమూర్తి కూర్చోవాలా, బయట నిలబడి ప్రశ్నించాలా అన్నది అసలైన చర్చ. ఆ చర్చ ఆయన ఎవరి తండ్రి అన్నదాని మీద ఆధారపడదు.

మనలో మనం అడగాల్సింది

ఇక్కడే మాకు మేమే చేదు మాట ఒకటి చెప్పుకోవాలి. రిజర్వుడు సీట్లలోనూ, కమిషన్లలోనూ, కార్పొరేషన్లలోనూ కొన్ని కుటుంబాల పేర్లే తిరుగుతుంటాయి. 2025 మార్చిలో శాసనమండలికి ఐదుగురు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అందులో ఉపముఖ్యమంత్రి అన్న నాగబాబు ఉన్నారు, ప్రతిభా భారతి కూతురు కావలి గ్రీష్మ కూడా ఉన్నారు. మొదటిదాన్ని వారసత్వ రాజకీయమని, రెండోదాన్ని ప్రాతినిధ్యమని అనేస్తే మన వాదనకు విలువ ఉండదు. ప్రాతినిధ్యం అంటే ఒక గుమ్మం దగ్గరే ఆగిపోయేది కాదు. ఉత్తరాంధ్ర పట్టణాల వీధులు ఊడ్చే రెల్లి కులస్తుల్లోంచి సలహా చెప్పే కుర్చీదాకా ఎంతమంది వెళ్లారు? 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2025లో రాష్ట్రం వర్గీకరణ తెచ్చి రెల్లి ఉపకులాలకు విడిగా ఒక శాతం ఇచ్చింది. అది ఉద్యోగాల్లో, చదువుల్లో. నియామకపు జీవోల్లో ఎవరి శాతం ఎంతో ఎవరూ చెప్పరు.

కాబట్టి బంధుత్వం దగ్గర మనం వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడు. ఆ బంధుత్వం లేకముందు ఆ మనిషి చేసిన పని ఏటి? చెప్పిన సలహా కాగితం మీద ఉందా, చెవిలో ఉందా? ఆ సలహా వల్ల ఎవరి బతుకు మారాలి? ఇవి మన వాళ్లకూ వేయాలి, పరాయి వాళ్లకూ వేయాలి.

ముప్పయ్యో తేదీ

పున్నయ్య కమిషన్‌కు ఈ మూడో ప్రశ్న వేద్దాం. దాని సిఫారసుల మేరకే ప్రతి నెలా 30న ఏదో ఒక ఊళ్లో పౌరహక్కుల దినం జరపాలి. తహసీల్దారు, ఎస్సై ఊరికి రావాలి. అన్ని కులాలవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టాలి. హోటల్లో గ్లాసుల సంగతి, గుడి సంగతి, శ్మశానం సంగతి అడగాలి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఏం చెబుతున్నాయో వివరించాలి. చిన్నగా కనబడే సలహా ఇది. కానీ ఊరి నడిబొడ్డున అధికారి నోటితో "అంటరానితనం నేరం" అనిపించడం చిన్న విషయం కాదు.

మేము ఒక మండలంలో అడిగి చూశాం. రిజిస్టరు చూపించారు. అందులో ఊరి పేరుంది, తేదీ ఉంది, సంతకాలున్నాయి. ఆ ఊరి దళితవాడకు వెళ్లి అడిగితే అలాంటి సభ జరిగినట్టు ఒక్కరికీ తెలియదు.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస జలాశయం మిగులు భూముల తగాదాలో ఐదుగురు దళితులను చంపారు. అప్పుడు అది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. నెలకో సభ జరిగి ఉంటే ఆ చావులు ఆగేవని మేము చెప్పలేం. కానీ పగ పెరుగుతోందని ముందే చెప్పుకోవడానికి ఊళ్లో ఒక చోటు ఉండాలని చెప్పిన సలహా అప్పటికే సర్కారు బీరువాలో ఉంది. సలహా చెప్పినవాడు ఎవరి తండ్రి అన్నది అందరికీ తెలుసు. ఏం చెప్పాడన్నది బీరువాకే తెలుసు.

అందుకే మిత్రులకు మా విన్నపం. వచ్చే నెల 30న మీ మండలంలో పౌరహక్కుల దినం ఏ ఊళ్లో జరుగుతుందో ముందుగానే తహసీల్దారు ఆఫీసులో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. చెబితే ఆ ఊరు వెళ్లి కూర్చోండి. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందు ఆ లెక్క పెట్టండి. విద్యార్థులైతే ఒక మండలానికి ఒక ఏడాది లెక్క తీసినా చాలు, అది మంచి పరిశోధనే. ఇకమీదట ఎవరైనా టీ కొట్టు దగ్గర "ఎవరి మనిషి?" అని అడిగితే జవాబు చెప్పండి. చెప్పాక ఆ మూడో ప్రశ్న మీరే వేయండి.